పడమటి గుంట

నేను చల్లపల్లి నుంచి తిరిగొచ్చేసరికి మా ఇంట్లో మా ఆయన గుంట లేదు.

గుంట అంటే మగ్గం గుంట. పెడనలో మా వీధిలో ఏ ఇంట్లోకి తొంగిచూసినా ముందు కనిపించేది అదే. నేలలో గొయ్యి తవ్వి, అందులోకి కాళ్ళు దింపుకుని కూర్చుని నేస్తారు. మా ఇంట్లో మూడు గుంటలు. నడిమిది మా మావగారు చౌడయ్యగారిది, తూర్పుది మా బావగారిది, పడమటిది మా ఆయన సత్యంది. నేను పుట్టింటికి వెళ్ళేటప్పుడు మూడూ ఉన్నాయి. వచ్చేటప్పటికి రెండే ఉన్నాయి. పడమటివైపు నేల చదునుగా, పేడతో అలికి, పీటలేసి భోజనాలు పెట్టుకోవచ్చు అన్నట్టుంది. మగ్గం కర్రలు ఊడదీసి, కట్టగట్టి గోడకి ఆనించి పెట్టారు.

చంకలో పిల్ల, చేతిలో మా అమ్మ పెట్టిచ్చిన చలిమిడి గిన్నె. చల్లపల్లి నుంచి బందరు దాకా పెట్రోలు కరువుకి బొగ్గుతో నడిపే బస్సు, అక్కణ్ణుంచి రైలు. ఒళ్ళు హూనమైపోయి ఉన్నదాన్ని, ఆ నేల చూడగానే అలసటంతా ఎటుపోయిందో తెలీదు. ఇల్లు పొరపాటు పడ్డానేమో అనుకున్నాను. నిజంగానే వెనక్కి వెళ్ళి వీధి అరుగు చూసుకున్నాను. అరుగు మాదే.

"అక్కా, ఇదేంటి?" అన్నాను మా తోటికోడలు వెంకటరావమ్మతో. ఆవిడ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. తల ఎత్తలేదు.

"మావయ్యగారే పూడ్చారు. కాలవగట్టు నుంచి తట్టతో మట్టి ఆయనే మోసుకొచ్చారు. మీ బావగారు సాయం పోతే కసిరికొట్టారు."

"ఎందుకు పూడ్చారు?"

"నన్నడిగితే నేనేం చెప్పను? బెజవాడ వెళ్ళొచ్చారు, ఆ మర్నాడు పొద్దున్నే తట్ట పట్టుకున్నారు."

ఆవిడ గొంతులో సంతోషమూ లేదు, బాధా లేదు. ఆవిడా బెదిరిపోయి ఉందేమో. ఆ పూట నాకు అదంతా చూసే ఓపిక లేదు. ఆవిడ మొగుడి గుంట చెక్కుచెదరకుండా ఉంది, నా మొగుడిది లేదు. నాకు కనిపించింది అంతే.

గుంట పోతే ఏం పోయింది, మళ్ళీ తవ్వుకుంటే సరిపోదా అని మా వీధి సంగతి తెలియనివాళ్ళు అనుకోవచ్చు. మా పెళ్ళయిన మరుసటి ఏడాది మావగారికి టైఫాయిడ్ వచ్చింది. ఇక బతకనని భయపడి బందరు నుంచి మనిషిని పిలిపించి వీలునామా రాయించారు. ఇల్లు ఆయన స్వార్జితం. మంచి రోజుల్లో రంగూన్ లుంగీలు నేసి కట్టిన పెంకుటిల్లు. ఎవరికి ఎలా ఇచ్చినా ఆయన ఇష్టం. మా వీధిలో ఇళ్ళు టేపు పెట్టి కొలిచి పంచుకోరు, గుంటని బట్టి పంచుకుంటారు. ఆయనా అలాగే రాయించారు. ఏ గుంటలో ఏ కొడుకు కూర్చుని నేస్తుంటే ఆ గుంటా, దాని చుట్టూ నేలా, దాని మీది కప్పూ ఆ కొడుకువి. కూర్చునేవాడు లేని గుంట ఉంటే అది ఇంకో కొడుక్కి చెందుతుంది. ఆయన గుంట మాత్రం చెరిసగం.

జ్వరం తగ్గాక అందర్నీ కూర్చోబెట్టి ఆ కాగితం చదివించారు. నేను కొత్త కోడల్ని, తలుపు చాటున నిలబడి విన్నాను. ఎంత సులువుగా తేల్చేశారో అని ముచ్చటపడ్డాను కూడా. నేతపనివాడి ఇంట్లో గుంట మాయమవుతుందని అప్పుడు ఎవరనుకుంటారు?

నేను చల్లపల్లి నుంచి తిరిగొచ్చేనాటికి మా ఆయన ఏడాదిగా మిలటరీలో ఉన్నారు. యుద్ధం వచ్చాక నూలుకి కంట్రోలు పెట్టారు. మూడు మగ్గాలకని ఇచ్చే నూలు ఒక మగ్గానికి సరిపోయేది కాదు. "ముగ్గురం ఒక్క నాడె పట్టుకుని కూర్చుంటామా?" అని నవ్వి, మా ఊరి చర్చి వీధి కృపానందంతో కలిసి వెళ్ళి పేరు రాయించుకున్నారు. అస్సాం వైపు కొండల్లో రోడ్లు వేసే పని అన్నారు. ఆయన బయల్దేరిన రోజున మావగారు స్టేషన్‌కి రాలేదు. "నేసేవాడికి మట్టిపనేంటిరా?" అని ఒక్క మాట అని, వెళ్ళి మగ్గంలో కూర్చున్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. అందుకే చదునుగా అలికిన ఆ నేల చూడగానే నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను.

పక్కింటి వీరమ్మ పిన్ని ఆ అర్థాన్ని ఖాయం చేసింది. నేను కాళ్ళు కడుక్కునే లోపలే వచ్చేసింది.

"గుంట పూడ్చాడంటే వాటా పూడ్చినట్టేనే అమ్మాయ్. మీ మావ మంచోడు, మంచోడు అని వీధంతా మోశాం. మిలటరీకి పోయాడని కడుపున పుట్టినవాణ్ణి ఇంట్లోంచి చెరిపేస్తాడా? చోద్యం కాకపోతే! నువ్వు మాత్రం ఊరుకోమాక. ఆడపిల్ల ఒక్కత్తే నీకు. రేపు సత్యం వచ్చేసరికి వాడికి కూర్చోడానికి చోటు లేకపోతే మిమ్మల్నే గదా నలుగురూ నవ్వేది."

ఊరుకునే మనిషిని కానని వీరమ్మ పిన్నికి తెలుసు. చీకటి పడకముందే వీధిలో ఆడవాళ్ళందరూ నా పక్షం చేరిపోయారు.

మా ఇళ్ళల్లో కోడలు మావగారితో ఎదురుగా నిలబడి మాట్లాడదు. ఏం అడగాలన్నా పిల్లని మధ్యన పెట్టుకుని అడగాలి. ఆయన తన మగ్గంలో కూర్చుని ఉన్నారు. చేతిలో పేక దారం నడిపే నాడె ఉంది గానీ వెయ్యడం లేదు. నేను వంటింటి గడప దగ్గర నిలబడి పిల్లని ముందుకి తోశాను.

"సుందరీ, నాన్న గుంట ఎందుకు పూడ్చారో తాతయ్యని అడుగు."

"తాతయ్యా, నాన్న గుంట ఏదీ?" అంది అది.

ఆయన పడుగులో తెగిన పోగు ముడేశారు. "తేమ ఊరుతోందమ్మా. పురుగూ పుట్రా చేరుతున్నాయి" అన్నారు పిల్లతో.

"మిగతా రెండు గుంటల్లోకి పురుగులు చేరవా అని అడుగు."

పిల్లకి ఇదేదో ఆటలా ఉంది. కిలకిలా నవ్వుతూ అడిగింది. ఆయన దాన్ని ఒళ్ళోకి లాక్కుని, దాని జుట్టులో మొహం పెట్టుకుని కూర్చున్నారు. ఎంత నంగనాచి వేషం అనుకున్నాను. కొడుకు నోటి ముందు కూడు లాగేసి, ఆ కొడుకు కూతురికి ముద్దులు.

ఆ మర్నాడు నేను పిల్లని మధ్యన పెట్టుకోలేదు. నేరుగా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నా గొంతు విని వంటింట్లో వెంకటరావమ్మ అక్క చెంబు జారవిడిచింది.

"మావయ్యగారూ, ఆయనేం తప్పు చేశారని? తాగి తిరిగారా, మీ పరువు తీశారా? ఇంట్లో అందరూ రెండు పూటలా తినాలనే గదా వెళ్ళింది! తిరిగొచ్చాక ఆయన ఎక్కడ కూర్చోవాలి? మీ అరుగు మీదా?"

ఆయన కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. "అన్నం తిన్నావా అమ్మా?" అన్నారు.

"నేనడిగేది అన్నం సంగతి కాదు!"

"తిను. పిల్లకి పెట్టి, నువ్వూ తిను" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. అరిస్తే అరిచేవాళ్ళతో నాకు బాగా కుదురుతుంది. ఇలా అన్నం తిన్నావా అనేవాళ్ళతో ఏం చెయ్యాలో నాకు తెలీదు. గోడకి ఆనించిన మగ్గం కర్రల్ని కావిలించుకుని ఏడవాలనిపించింది, కోపం వల్ల అది కూడా చెయ్యలేదు.

ఆ వారమంతా నేను ఆ ఇంట్లో నిప్పులు కురిపించాను. కంచం పెడితే మోత, చెంబు పెడితే మోత. ఒక్కసారైనా "నోర్ముయ్" అంటారేమోనని చూశాను. అనలేదు. మా బావగారు నాంచారయ్య మెత్తటి మనిషి. తండ్రిని అడగడానికి భయపడి, నన్ను ఆపడానికీ భయపడి, తూర్పు గుంటలోంచి తల పైకెత్తకుండా నేసుకున్నారు. చివరికి ఒకరోజు భోజనాల దగ్గర మావగారే నోరు విప్పారు.

"గురువారం బెజవాడ వెళ్తున్నా. పాత వీలునామా రద్దు చేసి కొత్తది రాయించాలి. వకీలుగారికి చెప్పొచ్చాను, కాగితం తయారు చేసి ఉంచుతానన్నారు."

అన్నం ముద్ద నా చేతిలోనే ఆగిపోయింది. గుంట పూడ్చడం సగం పనే అన్నమాట. మిగతా సగం కాగితం మీద.

"బందరు కోర్టు పక్కనే ఉండగా బెజవాడ వకీలెందుకు?" అన్నాను.

"బందర్లో అందరూ మనకి తెలిసినవాళ్ళే" అన్నారాయన.

తెలిసినవాళ్ళ ముందు చెయ్యలేని పని అని ఆయన నోటితోనే ఒప్పుకున్నాడు గదా! "అయితే నేనూ వస్తున్నాను" అన్నాను.

అప్పుడు చూడాలి ఆయన మొహం. కంచంలోంచి చెయ్యి తీసేశారు. "వద్దు. నువ్వు రావొద్దమ్మా. నా మాట విను." అంత భయం ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు. ఆ భయం చూసిన తర్వాత నన్ను ఎవరాపగలరు? వీరమ్మ పిన్ని కూడా వెనకనుంచి ఎగదోసింది. "వెళ్ళి తీరాల్సిందే. వకీలు చేత మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా చదివించు. అర్థమయ్యీ కానట్టు గొణిగితే మళ్ళీ చదవమను" అంది. పిల్లని తన దగ్గర ఉంచుకుంది.

గురువారం నాడు రైలంతా మిలటరీవాళ్ళే. ఒక్కొక్క మొహమూ వెతుక్కుంటూ కూర్చున్నాను, ఆయన ఉండరని తెలిసినా. మావగారు మాత్రం వాళ్ళ వైపు చూడకుండా కిటికీలోంచి పొలాల వంకే చూస్తున్నారు. ఖాకీ బట్టలంటేనే గిట్టడం లేదు ఈయనకి అనుకున్నాను. గుడివాడ దాటాక, మీసాలు కూడా సరిగ్గా రాని ఒకడు మంచినీళ్ళున్నాయా తాతా అని అడిగాడు. ఈయన చెంబు మొత్తం వాడి దోసిట్లో పోశారు. సగం నీళ్ళు వాడి చొక్కా మీద పడ్డాయి. ఎవరి కొడుక్కో నీళ్ళు పోస్తాడు, సొంత కొడుకు గుంటలో మట్టి పోస్తాడు అని మనసులో తిట్టుకున్నాను. మనసులో ఏం, సగం పైకే వినిపించి ఉంటుంది.

వకీలు సాంబమూర్తిగారిల్లు గవర్నరుపేటలో. ముందు గదిలో బీరువాలు, ఒక పెద్ద బల్ల, వచ్చినవాళ్ళు కూర్చోడానికి బెంచీ. "రా చౌడయ్యా, కాగితం సిద్ధంగానే ఉంది" అంటూ తలెత్తి ఆయన నన్ను చూశారు. నా నుదురు చూశారు. నా చేతులు చూశారు. తర్వాత మావగారి వైపు చూశారు.

"మా చిన్న కోడలండీ" అన్నారు మావగారు నేల చూస్తూ.

"తీసుకురానన్నావు గదయ్యా!"

"ఆగలేదండీ."

"నేనే వచ్చానండీ" అన్నాను కొంగు సవరించుకుంటూ. "మా ఆయన మిలటరీలో ఉన్నారు. ఆయన తరపున వినడానికి ఒకరుండాలిగా మరి."

వకీలుగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఎంతసేపటికీ ఆ తుడవడం అవలేదు. ఇంతలో వెనక వసారాలోంచి ఎవరో ఖాకీ మనిషి లోపలికొచ్చాడు. చూస్తే మా కృపానందం! చిక్కి సగమైపోయాడు గానీ అతనే. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కృపానందం అన్నా! ఎప్పుడొచ్చావు? ఆయనకీ సెలవిచ్చారా?"

"నేనొక్కణ్ణే వచ్చాను చెల్లెమ్మా" అన్నాడు.

"ఆయన ఎలా ఉన్నారు? నువ్వు ఊళ్ళోకి రాకుండా ఇక్కడేం చేస్తున్నావు?"

అతను గోడవైపు తిరిగాడు. "చౌడయ్య పెదనాన్న సాక్షి సంతకానికి రమ్మన్నాడు" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. ఆయనతో భుజం భుజం కలిపి వెళ్ళినవాడు! ఆ పక్క కొండల్లో ఆయన రాళ్ళు మోస్తుంటే, ఈ పక్క ఆయన వాటా తీసేసే కాగితం మీద ఇతను సంతకం పెడతాడట. మావగారి తెలివికి ముక్కు మీద వేలేసుకున్నాను. పరాయివాణ్ణి కాదు, మా ఆయన స్నేహితుణ్ణే పట్టుకొచ్చాడు, రేపు మావైపు నోరెత్తేవాడు లేకుండా.

"చదవండి" అన్నాను వకీలుగారితో.

"చదవడం ఎందుకండీ, నాకు తెలిసిందేగా. సంతకం పెట్టేస్తాను" అన్నారు మావగారు గబగబా.

"మీకు తెలిస్తే చాలదు. నాకు తెలియాలి. ఒక్క ముక్క వదలకుండా చదవాలి, నా ముందే చదవాలి. లేదంటే ఇక్కడే వీధిలో నిలబడి గవర్నరుపేటంతా వినేలా అరుస్తాను."

వకీలుగారు నెమ్మదిగా అన్నారు: "చౌడయ్యా, నువ్వు చెబుతావా, నన్ను చదవమంటావా?"

మావగారు నోరు తెరిచారు. పక్కనే బెంచీ ఉండగా నేలమీద చతికిలబడ్డారు. ముసలాయన దొరికిపోయాడు అనుకున్నాను. "చదవండి" అన్నాను మళ్ళీ.

వకీలుగారు చదివారు. మొదట పాత వీలునామా రద్దు. తర్వాత తూర్పువైపు సగం పెద్దకొడుకు నాంచారయ్యకి.

"పడమటి గోడ మొదలుకొని నా గుంట నడిమి వరకు గల స్థలము, పైకప్పుతో సహా, స్వర్గస్థుడైన నా రెండవ కుమారుడు సత్యము భార్య రాఘవమ్మకు చెందవలెను. అందు గుంట యున్నను లేకున్నను, ఎవరు కూర్చున్నను కూర్చుండకున్నను, సదరు రాఘవమ్మ దాన విక్రయాది సర్వహక్కులతో అనుభవించవలెను. ఇందుకు నా పెద్ద కుమారుడు గాని, వాని వారసులు గాని ఎట్టి ఆటంకము చేయరాదు."

రాఘవమ్మ. నా పేరు! సగం ఇల్లు, నా పేరున! నాకు ముందు అదే వినిపించింది. నేను నవ్వాను. ఉన్నమాట చెబుతున్నాను, పెద్దగా నవ్వాను. ఎంత అన్యాయంగా తిట్టిపోశాను ఈయన్ని అని మావగారి వైపు తిరిగాను, ఏదో మంచిమాట అందామని. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకుని ఉన్నారు. వకీలుగారు నా నవ్వు చూడలేక కాగితం బల్ల మీద పెట్టేశారు. అప్పుడు నాకు ఆ మాట వినిపించింది. ఎప్పుడో చదివేసిన మాట, నా చెవుల్లోకి అప్పుడొచ్చింది.

"తప్పు రాశారండీ" అన్నాను. "మా అత్తగారు పోయారు. ఆవిడ పేరు పక్కన రాయాల్సిన మాట మా ఆయన పేరు పక్కన పడింది. దిద్దండి."

వకీలుగారు కలం పక్కకి జరిపారు.

"దిద్దమంటుంటే! ఆయన మిలటరీలో ఉన్నారు. అస్సాంలో ఉన్నారు. అన్నా, నువ్వన్నా చెప్పు."

కృపానందం చెప్పాడు. నా వైపు చూడకుండా, గోడకే చెప్పాడు. కొండల్లో జ్వరాలు. మా ఆయన్ని కూడా పట్టుకుంది. డేరాలోని ఆసుపత్రిలో పడుకోబెట్టారు. మందిచ్చారు, పనిచెయ్యలేదు. చివర్లో తెలివి లేదు, చేతులు మాత్రం దుప్పటి మీద అటూ ఇటూ ఆడుతూనే ఉన్నాయట, నాడె వేస్తున్నట్టు. కృపానందం అక్కడే ఉన్నాడు. సెలవిచ్చి పంపితే బెజవాడ స్టేషన్లో దిగాడు. పెడన వచ్చి నా మొహం చూసే ధైర్యం లేక, మావగారికి మనిషిచేత కబురుపెట్టి ఇక్కడికే పిలిపించుకున్నాడు.

ఆ రోజు బెజవాడ నుంచి తిరిగొచ్చి, మావగారు మర్నాడు పొద్దున్నే తట్ట పట్టుకున్నారు.

కింద పడలేదు, ఏడవలేదు. కోపం తప్ప ఇంకేదీ రాలేదు. "మరి నాకు చెప్పరా?" అని అరిచాను. "వారం! వారం రోజులు నేను ఆ ఇంట్లో... మీకు నోరు లేదా? నన్ను పిచ్చిదాన్ని చేసి కూర్చోబెట్టారా? గుంట పూడ్చడానికి చేతులొచ్చాయి, నాకో మాట చెప్పడానికి నోరు రాలేదా?"

మావగారు చేతులు తీశారు. ఆ గొంతు నేనెప్పుడూ వినని గొంతు.

"వాడి గుంట ఎదురుగా ఉంటే నాడె వెయ్యలేకపోయానమ్మా. ప్రతిసారీ తల ఎత్తేసరికి ఆ గొయ్యి. అందుకే పూడ్చేశాను. పూడ్చాక నువ్వొచ్చావు. చెబుదామనే అనుకున్నాను. కానీ పాత కాగితం సంగతి కబురు విన్నరోజే గుర్తొచ్చి, వకీలుగారికి చెప్పొచ్చాను. కూర్చునేవాడు లేని గుంట ఇంకో కొడుక్కని నేనే రాయించాను గదా. సంగతి బయటపడితే మైల. మైలలో ఇట్లాంటి కాగితాలు ముట్టనివ్వరు, నిన్ను గడప దాటనివ్వరు. ఈలోపు నాకేమన్నా అయితే నీకూ పిల్లకీ నిలబడ్డానికి చోటుండదు. పెద్దవాడు మంచోడే. మంచోణ్ణి నమ్మి ఎందుకు వదిలెయ్యాలి? ముందు ఇది తేల్చి, తర్వాత చెబుదామనుకున్నా. నువ్వు తిడుతుంటే తిట్టనీ అనుకున్నా. నువ్వు తిట్టినంతసేపూ నీకు తెలియదన్నమాట గదా. ఆ నాలుగు రోజులన్నా..."

పైపంచెతో మొహం తుడుచుకున్నారాయన.

వకీలుగారు కలం అందించారు. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. వకీలుగారి చెయ్యి పట్టుకోవడమేమిటి, ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యం.

"నాకు వాటా వద్దండీ. ఆ ఒక్క మాటా కొట్టెయ్యండి. ఇల్లంతా బావగారికే రాయండి. గుంట ఎలాగూ లేదు. ఆ మాట మాత్రం కొట్టెయ్యండి."

"అమ్మా..." అన్నారు వకీలుగారు. ఆయన చేతిలోంచి మావగారే కలం తీసుకున్నారు. నా వంక చూడకుండా, కాగితం మీదికి బాగా వంగి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం చేశారు. తర్వాత కృపానందం, తర్వాత గుమాస్తా. వారంరోజులు నేను పోట్లాడిన వాటా నాకు వచ్చేసింది.

తిరుగు రైల్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఒకావిడ నన్ను ఎన్నో నెలో ఏమో అని అడిగింది, నేను కడుపు పట్టుకుని కూర్చోవడం చూసి. ఏమీ కాదన్నాను. నాకు ఆయన మొహం ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. చేతులు మాత్రమే వచ్చాయి. ఆ మొహం రాకపోతే ఎలా అని నాకు చచ్చేంత భయం వేసింది. గుడివాడలో మావగారు దిగి, నాకు టీ తెచ్చిచ్చారు. తాగాను. అలాంటి రోజున టీ ఎలా తాగానో నాకు ఇప్పటికీ తెలీదు.

పెడనలో దిగేసరికి దీపాల వేళ. వీధి మొదట్లోనే వీరమ్మ పిన్ని, చంకలో మా పిల్ల. మేము రావడం చూసి ఎదురొచ్చేసింది. వెనకాల మరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. మావగారు వెనకబడి వస్తున్నారు. ఆయనకి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి, పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"ఏమైందే? అంతా చదివించావా?"

"చదివించాను పిన్నీ."

"ఇచ్చాడా?"

"ఇచ్చారు."

"ఎంత?"

"సగం. నా పేరునే."

"చూశావా! నేను చెప్పలా!" అని పిన్ని వెనక్కి తిరిగి అందరికీ వినిపించేలా అరిచింది. "మన రాఘవ సాధించుకొచ్చిందే! సగం ఇల్లు, అదీ దాని పేరునే!" వాళ్ళందరూ చుట్టూ మూగారు. ఒకావిడ నా గడ్డం పుణికింది. నా మొహంలో ఏమీ కనపడకపోవడం ప్రయాణం బడలిక అనుకున్నట్టున్నారు. పిల్లని నా చేతికిస్తూ పిన్ని అంది, "రేపే మీ ఆయనకి ఉత్తరం రాయించు. నీ చోటు నిలబెట్టానని రాయించు. ఎంత సంతోషపడతాడో పిచ్చోడు!"

నేను పిల్లని అందుకున్నాను. ఇంతలో మావగారు మా దగ్గరకొచ్చి ఆగారు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని పక్కకి తప్పుకున్నారు.

"వీరమ్మా" అన్నారాయన. "వాడు చచ్చిపోయాడమ్మా."

ఆ మాట ఆయన నోటివెంట వినడం నాకూ అదే మొదలు. అప్పుడు ఏడ్చాను.